కుర్చీలో కూర్చున్న మిషిని

నాకు ముక్కు మీద కోపం. ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాదే పిల్లలు నాకు సుద్దముక్కల సారు అని పేరు పెట్టుకున్నారు. బోర్డు మీద రాసినన్ని సుద్దముక్కలు పిల్లల మీదికి విసిరానని వాళ్ల లెక్క. ఆ లెక్క మాత్రం వాళ్లు ఎప్పుడూ తప్పలేదు.

పందొమ్మిది వందల అరవైల నడుమ ఒక వేసవి సెలవుల్లో లెక్కల పంతుళ్లకు హైదరాబాదులో శిక్షణ పెట్టారు. పాలమూరు జిల్లా నుంచి పోయినవాళ్లలో నేనొకణ్ని. అక్కడ ఒక లెక్చరర్ రెండు రోజులు కంప్యూటర్ గురించి చెప్పాడు. ఆయన కూడా దాన్ని ఒక్కసారే చూశాడట, అదీ అద్దాల తలుపు అవతలి నుంచి. ఆ యంత్రానికి సొంత బుద్ధి ఉండదు, వరుసగా రాసిచ్చిన ఆజ్ఞలను ఒకటి తర్వాత ఒకటి చేసుకుంటూ పోతుంది, ఒక మెట్టు రాయడం మరిచామా, అక్కడే ఆగిపోతుంది అన్నాడు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా పిల్లలకు జవాబు వస్తుంది గానీ మెట్లు రాయడం రాదు. ఇదిగో మందు అనుకున్నాను.

మా ఊరు అచ్చంపేటకు ఇవతల, అడవి అంచున. స్కూలు ఉన్నత పాఠశాలగా మారి ఎన్నో ఏళ్లు కాలేదు. ఉర్దూ కాలం నాటి మా హెడ్మాస్టరు నేను చెప్పిందంతా విని, గడ్డం గీరుకున్నాడు.

"మిషినే లేదంటవు, దాని చదువు జెప్తనంటవు. సరే, శనివారం ఆఖరి పీరియడు తీస్కో. దసరా అయినంక ఇన్‌స్పెక్టర్ సాబ్ వస్తడు. ఆయన ముందల పిల్లలు చేసి చూపెడితె నడుపు. లేకుంటె గా జాగాల రాట్నాల క్లాసు పెడ్త. మల్ల నా మీద నారాజ్ కావొద్దు."

మిషిని లేదు కాబట్టి కుర్చీని మిషిని చేశాను. తొమ్మిదో తరగతిలో ఎవరో ఒకరు అందులో కూర్చోవాలి. మిగతావాళ్లు కాగితం మీద వరుస నంబర్లతో హుకుములు రాసి ఇవ్వాలి. ఆజ్ఞ అన్న మాట నాది, హుకుం అన్నది పిల్లలది. వాళ్లదే నిలిచింది. కుర్చీలో ఉన్నవాడు కాగితంలో ఉన్నది మాత్రమే చేయాలి, సొంత తెలివి వాడకూడదు. ఇంత చిన్న నియమం.

ఆ చిన్న నియమంతో నా తల ప్రాణం తోకకొచ్చింది. ఐదు అంకెల్లో పెద్దదేదో కనుక్కోవడానికి హుకుములు రాయమంటే ఒకడు రెండే రాశాడు. ఒకటి: చూడు. రెండు: పెద్దది చెప్పు. కుర్చీలో ఊరి పటేలు కొడుకు కూర్చున్నాడు. చూశాడు, పెద్దది చెప్పాడు. క్లాసంతా చప్పట్లు.

"దానికి కండ్లు లేవురా!" అని అరిచాను.

"కండ్లు లేకుంటె గది మనకెందుకు సార్? మనమే నయం గద," అన్నాడు రాసినవాడు. తగవు పెట్టుకోవడానికి కాదు, నిజంగానే జాలిపడి అన్నాడు.

ఇంకొకడు రెండంకెలు కూడమని రాశాడు, ఏ రెండో రాయలేదు. పటేలు కొడుకు చక్కగా కూడి జవాబు చెప్పాడు. ఎట్లా తెలిసిందిరా అంటే, "వాడేమనుకున్నడో నాకెర్కే సార్. దోస్తు గదా, ఆగమైతడని నేనే చేసిన" అన్నాడు. ఏం చేస్తాను? తోటివాడి తప్పు కప్పిపుచ్చడం వాళ్లకు మర్యాద. తప్పు బయటపెట్టడమే నా పాఠం. ఆషాఢం పోయింది, శ్రావణం పోయింది. ప్రతి శనివారం గొంతు పోగొట్టుకుని ఇంటికి పోయేవాణ్ని. "ఒక్క మెట్టు కూడా వదలొద్దు" అని నేను ఎన్నిసార్లు అన్నానో, గోడలకు చెవులుంటే అవి నేర్చుకునేవి.

నేర్చుకున్నది ఒక్కతే. క్లాసులో ఉన్న ఇద్దరు ఆడపిల్లల్లో ఒకతి. ఊరవతలి వాడ నుంచి వచ్చేది. వాళ్లది కిరస్తానీ కుటుంబం, తల్లి మిషన్ దవాఖానలో ఆయా. ఈ పిల్ల రాసిన కాగితంలో పటేలు కొడుక్కి సాయం చేయడానికి సందు దొరికేది కాదు. ఒకసారి అడిగాను, నీకు ఈ పీరియడు అంత ఇష్టమేంటమ్మా అని.

"రాసింది ఎవరైనా కుర్చీల ఉన్నోళ్లు చెయ్యాలె గద సార్. గందుకు," అంది. నేను దాన్ని మెచ్చుకోలుగా తీసుకుని మురిసిపోయాను. అంతకంటే ఆలోచించలేదు.

దసరా అయ్యాక ఇన్‌స్పెక్టరు హెడ్మాస్టరును వెంటబెట్టుకుని మా క్లాసుకు వచ్చాడు. గుంటూరు వైపు మనిషి, ఇస్త్రీ మడత నలగని చొక్కా. నేను నెల రోజులుగా పెద్ద అంకె లెక్క తయారు చేయించి పెట్టాను. ఆయన దాన్ని చూడనే లేదు. "లెక్కలెందుకండీ, రోజూ చేసే పని ఏదైనా రాయించండి" అని చుట్టూ చూసి, మూలన చెంబు బోర్లించిన నీళ్ల కుండ చూపించాడు. "అదిగో, నీళ్లు తాగడం రాయించండి."

నా గుండె తేలికపడింది. ఇంత సులువైనది అడిగాడు కదా అని ఆ పిల్లను లేపాను. బోర్డు మీద ఆరు హుకుములు రాసింది.

ఒకటి: కుండ దగ్గరికి పో. రెండు: రెండడుగుల దూరంల నిలవడు. మూడు: ఎవరన్న వచ్చిన్రా చూడు. నాలుగు: రాకుంటె మల్ల మూడుకు పో. ఐదు: వస్తె దోసిలి పట్టు. ఆరు: పోస్తె తాగు.

కుర్చీలోంచి పటేలు కొడుకు లేచాడు. కుండకు రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. ఎవరైనా వచ్చారా అని చూశాడు. ఎవరూ రాలేదు. బోర్డు చూశాడు, మళ్లీ మూడు. మళ్లీ చూశాడు. అన్ని వారాలూ అందరికీ సాయం చేసినవాడు ఆ రోజు మాత్రం చెంబు ముట్టలేదు. ముందు బెంచీలు నవ్వాయి. ఇన్‌స్పెక్టరూ నవ్వాడు.

"మీ యంత్రం దాహంతో చచ్చేలా ఉందండీ మాస్టారూ."

నాకు ఒళ్లు మండింది. అన్ని శనివారాల కోపం ఆ పిల్ల మీద కక్కాను. "ముంచుకుని తాగు అని రాయడం రాదా? అంతం లేకుండా తిరుగుతోంది చూడు! ఇన్నాళ్లు నేర్చుకున్నది ఇదేనా?"

ఆ పిల్ల తల ఎత్తే చెప్పింది. "మేం గట్లనే తాగుతం సార్. ఒక్క మెట్టు గూడ ఇడిచిపెట్టలె."

నవ్వులు ఆగిపోయాయి. వెనక బెంచీలో కూర్చునే ఊరవతలి వాడ పిల్లలు మొదటి నుంచీ నవ్వలేదని అప్పుడు చూశాను. వాళ్లు కుండలో చెంబు ముంచకూడదు. ఎవరైనా వచ్చి పైనుంచి పోస్తేనే తాగాలి. సర్కారు కాగితాల్లో ఇది తప్పు, నా క్లాసులో రోజూ జరిగేది. రోజూ చూస్తూనే ఉన్నాను.

ఆమె రాసింది ఒప్పు అని ఇన్‌స్పెక్టరుకు నేను చెప్పాల్సింది. చెంబు ఆమె చేతికివ్వాల్సింది. నేను చేసింది ఇది: డస్టరు తీసుకుని బోర్డు తుడిచాను. "పిల్లలు కదండీ, ఇంకా అలవాటు కాలేదు" అన్నాను. పీరియడు దక్కుతుందేమోనని ఆశ. ఆయన పక్క గదికి పోయాడు. హెడ్మాస్టరు నా వైపు చూడకుండా ఆయన వెంట పోయాడు. వచ్చే శనివారానికి రాట్నాలు వచ్చాయి.

ఆ రోజు బడి వదిలాక ఆ పిల్ల గుమ్మం దగ్గర ఆగింది.

"సార్, నేను రాసిన దాంట్ల తప్పెక్కడున్నది?"

"సోమవారం చెప్తా, పో" అన్నాను.

సోమవారం వచ్చింది. నేను చెప్పలేదు. ఇంకా రెండేళ్లు నా దగ్గరే లెక్కలు చదివింది, మంచి మార్కులే తెచ్చుకుంది. నన్ను మాత్రం మళ్లీ ఏ ప్రశ్నా అడగలేదు.