యాభై పెసోల పోగు

ఆస్యాంగ్ రెండంటే రెండు చేపలతో పట్టణ కార్యాలయాన్ని మూడు రోజులు మూయించింది. మేయరు కిటికీలోంచి దూకి పారిపోయాడు.

సరే, అబద్ధానికి మోకాళ్ల మీద నిలబెట్టే సిస్టర్ల బడిలో చదివినవాణ్ని కనుక కొంత వెనక్కి తీసుకుంటాను. మూడు రోజులు కాదు, ఒక పూట. కార్యాలయమంతా కాదు, మేడ మీద ధరల గది ఒక్కటే. మేయరు ఆ రోజు అసలు ఊళ్లోనే లేడు. చేపలు మాత్రం రెండే. ఆ మాట దగ్గర ఒక్క ముల్లు కూడా తగ్గించను. గొడవంతా అవి రెండే కావడం వల్ల వచ్చింది.

శాన్ రోకె బజారులో పద్నాలుగో నెంబరు బల్ల ఆస్యాంగ్‌ది. అమ్మేది గలుంగోంగ్ చేప. మాంసం కొనలేనివాడు, కోడి కొనలేనివాడు ఒకప్పుడు దాన్ని కొనుక్కుని కడుపునిండా తినేవాడు. గులాబీరంగు ప్లాస్టిక్ పళ్లేల్లో పోగులు పోసి పెట్టేది. పోగు యాభై పెసోలు. ఎనిమిదేళ్లుగా అంతే. తుఫాను వచ్చినా యాభయ్యే, పడవలకు పోసే డీజిలు మండిపోయినా యాభయ్యే. పక్క బల్లలవాళ్లు ధర అట్టలు చెరిపి రాసుకుంటూ ఉంటే, ఆమె అట్ట మీది అంకె ఎండకు వెలిసింది గానీ మారలేదు. ఆస్యాంగ్ పోగు పెరగదని బజారంతా వినబడేలా చెప్పుకునేది.

పెరగలేదన్నది నిజమే. తరిగింది. మొదట్లో పళ్లెంలో ఏడు చేపలుండేవి. అవి ఐదయ్యాయి, నాలుగయ్యాయి, ఇప్పుడు రెండు. అవీ జానెడు పొడవు లేనివి. ఆమె మోసగత్తె కాదు. రేవులో టోకువాడు బుట్ట ధర పెంచితే ఆమె మాత్రం ఏం చేస్తుంది? అరవై అంటే కొనేవాళ్లు ముఖం తిప్పుకుని పోతారు. యాభై అంటే ఒక చేప తగ్గినా సంచీ తెరుస్తారు. అరిటాకును నాలుగు మడతలు పెట్టి అడుగున వేస్తే రెండు చేపలు కూడా గుట్టలాగే కనిపిస్తాయి. కొనేవాళ్లకూ ఆ మడతల సంగతి తెలుసు. ఎవరూ ఆకు ఎత్తి చూడరు. తెలిసీ తెలియనట్టు ఉండటం ఆ బజారు మర్యాద.

నెలనెలా మొదటి మంగళవారం ధరల గది నుంచి రెనాటో వచ్చేవాడు. మెడలో బిళ్ల, చేతిలో కాగితాల అట్ట, కాళ్లకు తడి అంటకూడదన్న జాగ్రత్త. పోగెంత అని అడిగేవాడు. ఎప్పుడూ ఉన్నదేనని ఆస్యాంగ్ గొప్పగా చెప్పేది. రాసుకుని పోయేవాడు. పళ్లెంలోకి తొంగి చూసిన పాపాన పోలేదు. అతని కాగితంలో ధరకు గడి ఉంది గానీ చేపలకు లేదు.

ఆస్యాంగ్ ఇంట్లో ఉండేది ఆమె, ఆమె మనవరాలు లిగాయా. పిల్లకు నాలుగున్నరేళ్లు. తల్లి మనీలాలో బట్టల ఫ్యాక్టరీలో కుట్టుపని చేస్తుంది. ఆ ఇంట్లో చేప వండటం ఎప్పుడో మానేశారు. ఒక్కటి ఇంటికి తెస్తే అక్కడ సగం పోగు పోయినట్టే. అన్నంలోకి నూడుల్స్ పొట్లం ఉడికించిన నీళ్లు. పొట్లం మీద రొయ్య బొమ్మ ఉంటుంది, లోపల రొయ్య ఉండదు. అయినా ఆస్యాంగ్ బెంగ పడలేదు. వాడ బాలబడిలో ప్రతి బుధవారం మునగాకు పులుసులో పిల్లకో చేప వేసి పెడతారని ఆమె నమ్మకం. ఆమె కూతురు ఆ బడిలో తిన్న రోజుల్లో అలాగే పెట్టేవారు మరి.

వానలు మొదలైన నెలలో టీచర్ నెనీటా పిల్లల జబ్బలకు కొలత పట్టీ చుట్టింది. లిగాయా జబ్బ మీద అది ఎరుపు దగ్గర ఆగింది, అంటే తిండి చాలక పిల్ల బాగా చిక్కిపోయిందని. అమ్మమ్మను పిలిపించింది.

ఆస్యాంగ్ మొదట పట్టీని తిట్టింది, తరవాత టీచర్ని తిట్టింది. బుధవారం చేప ఎవరి పొట్టలోకి పోతోందని నిలదీసింది. రెండేళ్లుగా పులుసులో ఆకే గానీ చేప లేదని నెనీటా చెప్పింది. పిల్లకింతని ఇచ్చే డబ్బుతో చేప రావడం లేదట. పెంచమని పట్టణ కార్యాలయానికి మూడుసార్లు రాసిందట. లిగాయా ఇంటికొచ్చి ఎన్నడూ చెప్పలేదేమంటే, పులుసులో చేప ఉండాలని దానికి తెలిస్తే కదా.

"మరి పెంచలేదేం?"

నెనీటా సొరుగులోంచి కాగితం తీసింది. "మన బజారులో చేప ధర పెరగలేదట పెద్దమ్మా. పెరగని ధరకి డబ్బెందుకు పెంచాలంటున్నారు."

"పెరగలేదని ఏ దొంగ వెధవ చెప్పాడు?"

నెనీటా కాగితం మీద వేలు పెట్టి చూపించింది. శాన్ రోకె బజారు, బల్ల నెంబరు పద్నాలుగు.

ఆస్యాంగ్ బల్ల దగ్గరికి వెళ్లి ఒక పళ్లెం అందుకుంది. అరిటాకుతో సహా, రెండు చేపలతో సహా. అద్దెకు తిరిగే ట్రైసికిల్ బండి ఎక్కి పళ్లెం ఒళ్లో పెట్టుకుంది. దారి పొడుగునా తిడుతూనే ఉందని ట్రైసికిల్‌వాడు చెబుతాడు. టోకువాణ్ని, డీజిలుని, రెనాటోని, వాడి తడవని బూట్లని. పేరు చెప్పకుండా ఒక మనిషిని అన్నిటికంటే ఎక్కువ తిట్టిందట. అది ఎవరో అతనికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

ధరల గదిలో రెనాటో ఉన్నాడు. ఫ్యాను కింద బట్టతల ఆరబెట్టుకుంటూ పై అధికారి ఉన్నాడు. ఆమె పళ్లెం తీసుకెళ్లి కాగితాల మీదే పెట్టింది.

"పోగంటే ఎన్ని చేపలురా?"

"పోగంటే పోగే పెద్దమ్మా," అన్నాడు రెనాటో.

ఆమె ఆకు పట్టుకుని ఒక్క లాగు లాగింది. గుట్ట కూలింది. పళ్లెం మధ్యలో రెండు చేపలు చతికిలబడ్డాయి.

"ఇదీ పోగు. మునుపు ఏడుండేవి. ఈ రెంటినీ ఇరవైమంది పిల్లలకి ఎలా పంచుతారో మీరే చూపించండి. చూసి వెళ్లిపోతాను."

బట్టతలాయన చిన్నగా నవ్వాడు. "ధర పెరగలేదని చెప్పింది నువ్వే కదమ్మా. ఎనిమిదేళ్లుగా నీ మాటే రాశాం."

బజారంతా మెచ్చిన మాట అది. ఆ మెప్పు మీదే ఆమె ఎనిమిదేళ్లు బతికింది.

"అబద్ధం చెప్పాను," అంది ఆస్యాంగ్. "రాసుకోండి. పద్నాలుగో బల్లది అబద్ధాలకోరు అని పెద్దక్షరాలతో రాసుకోండి. మరి మీరు? కళ్లు నావా మీవా? నెలకోసారి వచ్చి నా పళ్లెం ముందు నిలబడ్డారు కదా, ఒక్కసారి లోపలికి చూస్తే మీ జీతం తరిగిపోయేదా?"

అధికారి నవ్వు ఆగింది. వచ్చే మంగళవారం చూద్దామన్నాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. పన్నెండింటికి కరెంటు పోయింది. ఆ ఉక్కలో చేపలు తమ సంగతి తామే చెప్పుకోవడం మొదలుపెట్టాయి. ఒంటిగంటకు గుమాస్తాలు వరండాలోకి వెళ్లారు, రెండింటికి పిల్లులు లోపలికి వచ్చాయి. అధికారి రుమాలు ముక్కుకు కట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయాడు. ఆస్యాంగ్ మాత్రం కదలలేదు.

మూడింటికి రెనాటో కింది క్యాంటీనులో త్రాసు అడిగి తెచ్చాడు. ఆమె ముఖం చూడకుండా రెండు చేపల్నీ తూచాడు. నూట ఎనభై గ్రాములు. కాగితం మూల మీద లెక్క వేశాడు, కొట్టేసి మళ్లీ వేశాడు. కిలో రెండొందల డెబ్బై ఏడు. గడిలో పోగు అన్న మాట కొట్టేసి ఆ అంకె రాశాడు. "ఇకమీదట త్రాసు తెస్తాను పెద్దమ్మా," అన్నాడు. తప్పయిందని అనలేదు. ఆమె కూడా అనమని అడగలేదు.

మర్నాడు పద్నాలుగో బల్ల మీద పళ్లేలు లేవు, త్రాసు ఉంది. వెలిసిపోయిన అట్ట స్థానంలో కిలో ధర రాసిన కొత్త అట్ట ఉంది. ఎనిమిదేళ్లు మెచ్చుకున్నవాళ్లే ఆమెను దొంగముండ అన్నారు. ఒకావిడ ఉమ్మేసి పోయింది. మూడు నెలల తరవాత బాలబడిలో బుధవారం చేప మళ్లీ వచ్చింది, పిల్లకి సగం. సగం చేప పెట్టడానికి ఆ గదికి మూడు నెలలూ ఆరు సంతకాలూ కావలసి వచ్చాయి. లిగాయా జబ్బ మీద పట్టీ ఇప్పుడు పసుపు దగ్గర ఆగుతోంది. పచ్చ ఇంకా దూరం.

ఇదంతా రాసి ఆస్యాంగ్‌కి చదివి వినిపిస్తే ఆమె చేపను గీకుతూనే విన్నది, చెయ్యి ఆపకుండానే బల్ల ముందు నిలబడ్డవాళ్లతో అంది:

"ఏ ఆఫీసు? నేను ఆ మెట్లే ఎక్కలేదు. పోగులా? మా అమ్మ నాటినుంచీ మాది త్రాసే. ఈ ముసలాయన చెప్పేది ఒక్కటీ నమ్మకండి. మా పిల్ల ఎప్పుడూ బక్కగా లేదు. చేపలమ్మే దాని ఇంట్లో పిల్ల బక్కగా ఎందుకుంటుంది?"