సుశీలక్క చాప మీద

ఈ ఉదయం పక్కింటి అరుగు మీద ఎవరో వలదారం కొసను నిప్పుకు ముట్టించినట్టున్నారు. నైలాను కాలిన ఘాటు వాసన కిటికీలోంచి రాగానే సుశీలక్క గుర్తొచ్చింది. లేచి ఆనాటి డైరీ తీశాను.

పాలిటెక్నిక్‌లో ముప్పై నాలుగేళ్ళు ల్యాబు ఇన్‌స్ట్రక్టరుగా పనిచేసి, రిటైరయ్యాక మైపాడులో ఇల్లు అద్దెకు తీసుకున్నప్పుడు ఆమె నా పక్కింటావిడ. చిరిగిన వలలు బాగుచేయడంలో ఊళ్ళో ఆమెకు సాటి లేదు. అయితే ఆ ఏడు ఆమె చూపు మధ్యభాగం మసకబారింది. ఆపరేషనుతో తిరిగి రాదని డాక్టరు చెప్పేశాడు. చేపల వేట నిషేధం ముగిసేలోపు సుబ్బరాయుడి పడవకు చిరిగిన పెద్దవల బాగుచేసి ఇవ్వాలి. అతను వచ్చి, "కష్టమైతే చెప్పక్కా, వేరేవాళ్ళకిస్తా. తప్పుగా అనుకోవద్దు" అన్నాడు. ఆ వల చేజారితే ఇక ఎవరూ తన గడపకు వల తీసుకురారని ఆమెకు తెలుసు.

పెద్దదిగా చూపిస్తే ఆమెకు కనిపిస్తుందని, ఆమె టీవీకి దగ్గరగా కూర్చున్నప్పుడు గమనించాను. నా దగ్గర టేబుల్ లైటంత చిన్న రోబో చెయ్యి ఉంది. అల్లిక ముందుకు జరిగేకొద్దీ కెమెరా కూడా జరగాలి కనుక, కెమెరాను ఆ చేతి కొసకు బిగించి టీవీకి కలిపాను. కొలతలన్నీ రాసుకుని, ఆమెకు ఎదురుగా స్టూలు మీద దాన్ని నిలబెట్టాను. బొమ్మ చక్కగా వచ్చింది.

ఆమె సూది వేసింది. తప్పింది. మళ్ళీ తప్పింది.

"ఏంది సారూ, నేను ముందుకు పోనిస్తే టీవీలో నా మీదికి వస్తా ఉంది? ఎవరి చేతులివి?"

"మీవే అక్కా. కాస్త అలవాటైతే..."

"నేనెందుకు అలవాటు చేసుకోవాల? నువ్వు ఎదురుగా కూర్చోని నీకు అగపడేట్టు పెట్టుకున్నావు. ఇట్రా. ఈ చాప మీద కూర్చో."

కూర్చున్నాను. వల అంచును నా కుడికాలి బొటనవేలికి తగిలించి, వెదురు సూది చేతికిచ్చింది. "ఇప్పుడు చెప్పు, యాడ చూస్తా ఉండావు?"

నా చూపు ఎడమచేతి వేళ్ళ మధ్య, ముడి పడబోయే చోట ఉంది. కెమెరా ఉండవలసింది ఎడమ భుజం మీదుగా. ఇన్నేళ్ళూ నేను పిల్లలకు ఎదురుగా నిలబడే పని చూపించాను. అది వాళ్ళకు తలకిందులుగా కనిపిస్తుందన్న సంగతి ఒక్కనాడూ నాకు తట్టలేదు. తడబడిన వాళ్ళను మాత్రం విసుక్కున్నాను.

స్టూలును ఆమె వెనక్కి, ఎడమపక్కకు మార్చాను. ఖాళీగా ఉన్న ఎడమకాలి కింద ఒక మీట అమర్చాను. నొక్కినప్పుడల్లా రోబో చెయ్యి వలలో ఒక గడి దూరం జరుగుతుంది. మొదటి ముడి పడింది. రెండోదీ పడింది. పదో ముడికల్లా ఆమె నన్ను మరిచిపోయింది.

నాలుగో రోజు సుబ్బరాయుడు వచ్చి, వలను రెండు చేతులా పట్టి లాగి చూశాడు.

"యాడక్కా చినిగింది?"

"నువ్వే ఎతుక్కో. నాకు చూపు లేదంటివి గదా."

అరుగు మీదివాళ్ళంతా నవ్వారు. అతను వల పొడవునా వెతికి, చివరికి తానూ నవ్వేశాడు. రెండో వల ఎప్పుడు తెమ్మంటావని అడిగాడు. ఆమె మెడ నిటారుగా పెట్టి, "వరసలో పెట్టుకో" అంది.

ఆ తర్వాత నాలుగేళ్ళు, పోయేదాకా, ఆమె అలాగే అల్లింది. ఇప్పుడు ఊళ్ళో ఎవరైనా ఫోను వాడటం నేర్పమన్నా, మోటారు చూడమన్నా ముందు వాళ్ళను పక్కకు జరగమంటాను. మోకాళ్ళు మొరాయిస్తాయి. అయినా వాళ్ళ చోట కూర్చుని, అక్కడినుంచి ఏం కనిపిస్తుందో చూశాకే నోరు విప్పుతాను.