పదకొండుమంది యాకమ్మలు, ఒక్క పెద్దులు

మా ఊరి పెద్దులుకు ఓటరు లిస్టు పిచ్చి. ఇంకొకరికి చీట్లాట పిచ్చి ఉండొచ్చు, రీళ్ళ పిచ్చి ఉండొచ్చు. పెద్దులు చంకలో మాత్రం ఎండకాలం, వానకాలం తేడా లేకుండా ఓటరు లిస్టు ఉంటుంది. మనిషి ఎదురైతే ముఖం కంటే ముందు వరుస నంబరు గుర్తుకొస్తుంది ఆయనకు.

మాది లింగాల ఘనపూర్ మండలంలో ఓ చిన్న ఊరు. పెద్దులుది పిండిగిర్ని. నేను అదే ఊళ్ళో అంగన్‌వాడీ టీచర్ని. పిల్లలకు గుడ్లు పెట్టే పనితో పాటు ఓటర్ల జాబితా చూసే పని కూడా సర్కారు నాకే అప్పజెప్పింది. కాబట్టి పెద్దులు పిచ్చికి మొదటి బాధితురాలిని నేనే. పొద్దున్నే సెంటరు తాళం తీస్తుంటే వెనక నుంచి గొంతు వినిపించేది.

"లత టీచరమ్మా, రెండువందల ఆరు నంబరుల తండ్రి పేరు కాడ మొగని పేరు పడ్డది. జర చూడున్రి."

"పెద్దులన్నా, ఇంకా పిల్లలే రాలేదు!"

"పిల్లలకు ఓటు లేదు గద. వాళ్ళు వచ్చేలోపు మనం చూసుకుందాం."

ఇంట్లో భార్య రాజీతో కూడా ఇదే వరస. నాలుగువందల పదకొండు ఆయన నంబరు, నాలుగువందల పన్నెండు ఆమెది. "నాలుగువందల పన్నెండూ, జర చాయ్ పెట్టు" అంటాడు. "నాలుగువందల పదకొండుకు చాయ్ బందైంది. ఫారం నింపి పెట్టుకోమను" అంటుంది ఆమె. అని, చాయ్ పెడుతుంది.

ఐలేశ్ బిడ్డ పెళ్ళిలో అప్పగింతలు జరుగుతున్నాయి. పిల్ల ఏడుస్తోంది, తల్లి ఏడుస్తోంది, బ్యాండువాళ్ళు కూడా ఏడుపు పాటే వాయిస్తున్నారు. సరిగ్గా అప్పుడు పెద్దులు కాగితం పట్టుకుని మధ్యలోకి దూరాడు.

"బిడ్డా, ఓటు ఈడనే ఉంచుకుంటవా, అత్తగారూరికి మార్చుకుంటవా?"

"అప్పగింతలు జరుగుతున్నయ్ రా నాయినా!" అని అరిచాడు ఐలేశ్.

"నేను తెచ్చింది గూడ అప్పగింతల కాగితమే గద, బావా!"

ఏడుస్తున్న పిల్ల పకపకా నవ్వింది. పెళ్ళి వీడియోలో ఆ నవ్వు ఒక్కటే బాగా వచ్చిందని ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇరవై ఒకటో రోజు తొట్టెలలో వేసిన పసిపిల్లను చూసి కూడా, "రెండువేల నలభై మూడుల మొదటి ఓటు" అని దీవించే మనిషి ఆయన.

ఊళ్ళో నవ్వుకునేవాళ్ళు. "పెద్దులు సర్పంచ్‌గ నిలబడతడేమో" అనేవాళ్ళు. ఆయన దండం పెట్టేవాడు. "నిలబడుడు నాతోని కాదు. ఊరంతా లైన్ల నిలబడాలె, గంతే."

అసలు కథ సర్పంచ్ ఎన్నికలు దగ్గర పడ్డప్పుడు మొదలైంది. మా ఊరు మహిళకు రిజర్వైంది. చంద్రమోహన్ తన భార్య జానకిని దింపుతానన్నాడు. ఆయనకు ట్రాక్టర్లున్నాయి, ఎరువుల దుకాణముంది, మనుషులున్నారు. ఫ్లెక్సీలో ఆయన ఫోటో తలుపంత, పోటీ చేసే జానకి ఫోటో పోస్టల్ స్టాంపంత! అవతలి నుంచి సంగీత నిలబడతానంది. కుట్టు మిషను మీద బతికే మనిషి. ఆమె ఫ్లెక్సీ కట్టలేదు, ఇంటింటికీ నడిచింది.

ఇంకా నామినేషన్లు కూడా పడలేదు, చంద్రమోహన్ ఇంటింటికీ కోడికూర పంపడం మొదలుపెట్టాడు. గిర్నిలో దాని మీద పెద్ద చర్చ. ఓటుకు కోడి తీసుకోవడం తప్పని నేను ఉపన్యాసమిస్తుంటే, పెద్దులు గిర్ని మిషను పట్టా సరిచేస్తూ అన్నాడు:

"ఓటు కొనేటోడు దొంగనే టీచరమ్మా, కాదంటలేను. కానీ వానికన్న పెద్ద దొంగ ఇంకోడున్నడు. పేరు తీసేసేటోడు. కొనేటోడు మనకాడ ఓటున్నదని ఒప్పుకుంటడు గద! తీసేసేటోడు మనమే లేమంటడు."

నేను నవ్వేశాను. వారం తిరగక ముందే నా నవ్వు ఎండిపోయింది. తహసీల్ ఆఫీసు నుంచి నా చేతికి ఫారం ఏడుల కట్ట వచ్చింది. నలభై ఒక్కమంది పేర్లు తీసేయాలని అభ్యంతరాలు! సంతకాలన్నీ చంద్రమోహన్ మనుషులవి. ముప్పై ఎనిమిదిమంది ఊరు విడిచిపోయారట, ముగ్గురు చనిపోయారట. పేర్లన్నీ ఒకే వాడవి. కిందటిసారి చంద్రమోహన్‌ను ఓడించిన వాడ.

ఆ వాడవాళ్ళు ఏడాదిలో ఆరునెలలు ఇటుక బట్టీల పనికి పోతారు. ఇళ్ళకు తాళాలు. విచారణకు రాకపోతే పేర్లు ఎగిరిపోతాయి. గడువు నాలుగు రోజులే. నేను తల పట్టుకున్నాను. పెద్దులు మాత్రం పెళ్ళి కుదిరినవాడిలా వెలిగిపోయాడు!

గిర్ని మూతపడింది. ఫోన్ చెవికి అతుక్కుపోయింది. "మొగిలీ, నువ్వు ఊర్ల లేవంట!... ఔను, లేవు, బట్టీకాడున్నవ్. గని ఊరిడిసి పోయినవంట!... ఎవడన్నడో ఎందుకు, ఆధార్ కార్డు పట్టుకొని బయలెల్లు!" బట్టీ యజమాని సెలవివ్వనంటే పెద్దులు అతనితోనే మాట్లాడాడు. ఏం మాట్లాడాడో తెలియదు కానీ, చివరికి ఆ యజమాని తన వ్యానులోనే అందరినీ పంపాడు. "ఈయన రోజుకు ఇరవైసార్లు ఫోన్ చేస్తుండు, మీరు పోతనే నాకు నిమ్మళం" అన్నాడట.

విచారణ రోజు తహసీల్ ఆఫీసు ముందు జాతరే! వ్యాను దిగినవాళ్ళు, ఆటో దిగినవాళ్ళు, ఎర్రమట్టి బట్టలతో అలాగే వచ్చినవాళ్ళు. లోపల పెద్దసారు ఒక్కొక్క పేరు పిలిచాడు. ఊరు విడిచిపోయారన్న ముప్పై ఎనిమిదిమందీ "ఉన్న సారూ" అంటూ చేతులెత్తారు. చనిపోయినవాళ్ళ వంతు వచ్చింది. మొదటి ఇద్దరు నిజంగానే చనిపోయారు. పెద్దులు తానే ఒప్పుకున్నాడు. "ఆ ఫారాలు నేను ఎప్పుడో నింపి టీచరమ్మకు ఇచ్చిన సార్" అన్నాడు నావైపు కొంచెం కోపంగా చూస్తూ. నేను ఫ్యాను వైపు చూశాను.

"గంధమల్ల యాకమ్మ, మరణించినారు" అని చదివాడు పెద్దసారు.

ఎనభై ఏళ్ళ యాకమ్మ కోడలు భాగ్య చెయ్యి పట్టుకుని ముందుకొచ్చింది. ఆమెకు చెవులు సరిగా వినపడవు. "ఏమంటుండే సారు?" అని అడిగింది.

"నువ్వు సచ్చినవంటున్నరు అత్తా!" అని చెవిలో అరిచింది భాగ్య.

"ఎప్పుడు?" అంది యాకమ్మ ఆత్రంగా. "నాకు ఎవ్వలు చెప్పకపాయె!"

ఆఫీసంతా గొల్లుమంది. చంద్రమోహన్ మనిషి లేచి, "సార్, ఆ యాకమ్మ ఈమె కాదు, వేరే యాకమ్మ" అన్నాడు.

అంతే! పెద్దులు లిస్టు తెరవనైనా తెరవలేదు. కళ్ళు మూసుకున్నాడు. "మా ఊర్ల యాకమ్మలు పదకొండుమంది సార్. పంతొమ్మిదో నంబరు యాకమ్మ, మొగడు సాయిలు. అరవై రెండు, మొగడు కొమురయ్య. నూట నలభై..." ఇంటి పేరు, వయసు, ఇంటి నంబరుతో సహా పదకొండుమందినీ ఏకరువు పెట్టాడు. "అందరూ బతికే ఉన్నరు. పొద్దున ఏడుగురు నా గిర్ని ముందట్నే, తెరుస్తలేనని లొల్లి పెట్టుకున్నరు, కావాల్నంటే పిలిపిస్త."

"వద్దు, వద్దు!" అన్నాడు పెద్దసారు. ముప్పై తొమ్మిది పేర్లూ నిలిచాయి.

మేం ఈలలు వేసుకుంటూ బయటికొస్తే, పెద్దులు నేరుగా కారెక్కబోతున్న చంద్రమోహన్ దగ్గరికి పోయాడు. కొట్లాటే అనుకుని మొగిలి చొక్కా చేతులు పైకి మడిచాడు. పెద్దులు ఓ కాగితం తీశాడు.

"అన్నా, మీ రాహుల్‌కు పోయిన్నెల పద్దెనిమిది నిండినయి. గిది ఫారం ఆరు. సంతకం పెట్టియ్యి, ఈసారికే పేరెక్కుతది."

చంద్రమోహన్ ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. మొగిలి తల కొట్టుకున్నాడు. "పగోనికి ఇంకో ఓటు కలుపుతవా?"

"పగోని ఓటు కాదురా, రాహుల్ ఓటు" అన్నాడు పెద్దులు.

గెలుపోటముల సంగతి ఇక్కడే చెప్పేస్తాను. సంగీత పంతొమ్మిది ఓట్లతో గెలిచింది. ఎవరు ఎవరికి వేశారో పైవాడికే ఎరుక. కోడికూర మాత్రం రెండు వర్గాలవాళ్ళూ తిన్నారు. కానీ నాకు గుర్తుండిపోయింది ఫలితం కాదు, పోలింగు రోజు పొద్దు.

బడి గేటు బయట నేను స్లిప్పులు రాసిస్తూ కూర్చున్నాను. పెద్దులు లిస్టుతో లోపలికి పోబోతే కానిస్టేబుల్ ఆపాడు.

"ఏ పార్టీ ఏజెంటువి?"

"ఏజెంటును కాదు సార్, గిర్నీవాణ్ని."

"మరి లిస్టెందుకు? బయట పెట్టు."

చేసేదేం లేక, పసిపిల్లను అప్పజెప్పినట్టు లిస్టును నా ఒళ్ళో పెట్టాడు. "జర పైలం, టీచరమ్మా" అని వందడుగులు పోయి వెనక్కి చూశాడు.

ఇన్నేళ్ళలో ఆ లిస్టును నేను తెరవడం అదే మొదలు. ప్రతి పేరు పక్కనా పెన్సిలుతో చిన్న చిన్న అక్షరాలు. దొంగ ఓట్ల లెక్కలనుకున్నాను. చదివాను.

'మోకాళ్ళ నొప్పి. కుర్చీ వెయ్యాలె.' 'బాలింత. లైనుల నిలబెట్టొద్దు.' 'చదువు రాదు, అడగడానికి సిగ్గు. మనమే స్లిప్పు చదివి చెప్పాలె.' 'అన్నదమ్ములకు మాటల్లేవు. వేరే వేరే ఆటోలు.' ఆ కిందే ఇంకో పెన్సిలు గీత: 'ఈసారి ఒక్క ఆటోల పంపి చూద్దాం.'

యాకమ్మ పేరు వెతికాను. 'చెవులు వినపడవు. పేరు గట్టిగ, ఇంటిపేరుతోని పిలవాలె. మస్తు సంబరపడతది.'

నేను లేచాను. కుర్చీలు వేయించాను. బాలింతను ముందుకు పంపాను. భాగ్య చెయ్యి పట్టుకుని వచ్చిన ముసలామెను చూసి, బడి దద్దరిల్లేలా, "గంధమల్ల యాకమ్మా!" అని పిలిచాను. ఆమె బోసినోటితో నవ్వింది చూడండి, లైనంతా నవ్వింది.

పదకొండు గంటలు దాటాక కాస్త సందు దొరికితే, ఊరుకోలేక నా నంబరున్న పేజీ తిప్పాను. ఎనభై ఏడు. పక్కన రాసి ఉంది:

'లత టీచర్. ఓట్లనాడు తెల్లారగట్ల నాలుగింటికే వస్తది. ఏం తినది. ఎవలూ అడగరు. రెండు జొన్నరొట్టెలు పంపాలె. కారం తక్కువ.'

చదవడం పూర్తి కాలేదు, ఎదురుగా రాజీ టిఫిన్ డబ్బాతో నిలబడి ఉంది.

"తిను టీచరమ్మా, ఆయన పంపిండు" అంది. "కారం తక్కువ ఎయ్యమని మూడుసార్లు ఫోన్ చేసిండు. సంపుతుండనుకో!"