కోడి కంట్లో పురుగు

కల్లంలో మిరపకాయలు ఎండే రోజుల్లో పొదిలి అవతల కాలవ గట్టు పక్కనున్న మా పెద్దమ్మ ఊళ్లో కళ్ల వెంట నీళ్లు కారడం ఎవరికీ రోగంగా అనిపించదు. మనుషులకీ, గేదెలకీ, కోళ్లకీ అందరికీ కారతాయి. అందుకే ఎర్రపెట్ట ఎడమ కన్ను మూసుకుని తిరుగుతుంటే పెద్దమ్మ ఘాటు అనుకుని ఆముదం చుక్క వేసి ఊరుకుంది. కాయలు టిక్కీ బస్తాలకెక్కి కల్లం ఖాళీ అయ్యాక కూడా ఆ కన్ను తెరుచుకోలేదు. రెండోదీ వాచింది.

"గుడ్డికోడిని ఎన్నాళ్లు మేపుతావే? ఆదివారం కోసెయ్," అన్నాడు పెదనాన్న.

"నిన్ను మేపటంలా? కింద బాతుగుడ్లు పెట్టినా గమ్మున పొదుగుద్ది అది. అట్టాంటి పెట్ట మళ్లీ దొరుకుద్దా?" అంది పెద్దమ్మ. అంది గాని గొంతులో పట్టు లేదు. గింజలు వేస్తే పెట్ట మట్టిని పొడుస్తోంది.

నేను గుంటూరులో జంతుశాస్త్రం చదువుతూ సెలవులకి వెళ్లాను. పదిమందిలో నోరు తెరవని దాన్ని. కానీ పక్షుల కంట్లో కాపురముండే పురుగుల గురించి పరీక్షకి అక్కర్లేకపోయినా చదివి, డైరీలో రాసుకున్నాను. పెద్దమ్మ చెవిలోనే అడిగాను, ఒకసారి పెట్టని పట్టుకోమని.

తువ్వాలులో చుట్టి ఒళ్లో పెట్టుకుంది. నేను దూది పుల్లతో లోపలి పల్చటి రెప్పని పక్కకి జరిపాను. నూకల్లాంటివి, తెల్లగా, కదులుతూ కనపడ్డాయి.

"ఇయ్యేందే తల్లీ, కంట్లో బియ్యం పోసుకుంది," అంది పెద్దమ్మ నెమ్మదిగా.

కనుబొమల పట్టుకారుతో ఒక్కొక్కటీ తీశాను. గట్టిగా అతుక్కుని సాగి సాగి వచ్చాయి. పెద్దమ్మ బొటనవేలు కోడి తల మీద ఎంత తేలిగ్గా ఆనిందంటే, అది ఒక్కసారి కూడా విదిలించుకోలేదు.

పలచటి ఉప్పునీళ్ల సీసాలో వాటిని బ్రాడీపేట హాస్టల్‌కి, మర్నాడు ల్యాబ్‌కి తెచ్చాను. అంతకుముందు నేనెన్నడూ పలకరించని మేడమ్ సూక్ష్మదర్శినిలో చాలాసేపు చూసి, నన్ను కూర్చోమన్నారు.

గొర్రెల కార్జంలో చేరే జలగకి ఇది దూరపు చుట్టమట. బల్లపరుపు పురుగుల వర్గం. ఇంటిపేరులాంటి ప్రజాతి పేరు ఫిలోఫ్తాల్మస్, అంటే కన్నును ప్రేమించేది. పురుగు గుడ్ల లోపలి పిల్లకి కూడా కన్నులాంటి నల్లచుక్క ఉంది. కోడి కాలవలో ముక్కు ముంచగానే కన్నీళ్లతో జారిన గుడ్డు పగులుతుంది, పిల్ల నత్తని వెతుక్కుంటుంది. నత్తలోంచి బయటపడిన తరం నాచుకీ గుల్లలకీ అంటుకుని మరో పక్షి నోటి కోసం కాచుకుంటుంది. నోట్లోంచి కంటిదాకా దారి దానికి ఎవరూ చెప్పరు. అంత చిన్న ఒంట్లో అంత ఓపిక చూసి నాకు అసహ్యం వేయలేదు.

"జాతి పేరేంటి మేడమ్?" అన్నాను.

"చెప్పలేనమ్మా. కోడి కంట్లో ఒకలా పెరుగుతుంది, బాతు కంట్లో ఇంకోలా. గాజుపలక కాస్త నొక్కితే వెడల్పవుతుంది. దొరికిన చోటల్లా కొత్త పేరు పెట్టేసి, తర్వాత సగం పేర్లు కొట్టేశారు. నేనింకోటి కలపను."

అన్నీ తెలిసిన మనిషి 'చెప్పలేను' అనడం నాకెంతో నచ్చింది. కానీ నా మనసంతా పెట్ట మీదే ఉంది.

ఆదివారం సాయంత్రం పెద్దమ్మకి ఫోన్ చేశాను.

"కుడికన్ను తెరిచిందే. పొద్దున్నుంచీ గింజ ఏరుకుంటంది. మీ పెదనాన్నకి పప్పుచారు పోశా, మూతి ముడుచుకుని తిన్నాడు."

"ఎడమది?"

"పొర కమ్మింది. చూపు రాదులే. నువ్వు చెప్పినట్టే కోళ్లని కాలవకి పోనీకుండా తొట్లో నీళ్లు పెడుతున్నా." మళ్లీ తనే, "పొదగటానికి ఒక కన్ను చాల్లేవే," అంది.