తలూపి పుచ్చుకున్న పసరు

నాకు తలూపే అలవాటుంది. ఎవరేమడిగినా ముందు తల కదులుతుంది. మాట తర్వాత వస్తుంది, చాలాసార్లు రానే రాదు.

కుప్పంలో పరిశోధన చేస్తున్నాను. పుంగనూరు చుట్టుపక్కల మెట్ట ఊళ్లలో పశువులకు చేసే నాటువైద్యం నా విషయం. రెండో ఏడు మధ్యలో మా గైడ్ మేడమ్ నా కాగితాలన్నీ తిరగేసి, "అన్నీ పుస్తకాల్లోంచే వచ్చాయమ్మా. తెలిసినవాళ్లతో మాట్లాడు. మూడో అధ్యాయం అలా వస్తేనే ఉంచుదాం, లేకపోతే తీసేద్దాం" అన్నారు. అది తీసేస్తే మిగిలేది ఇతరుల మాటలూ నా చేతిరాతా మాత్రమే.

ముందు మదనపల్లెలో ఒక రిటైరైన వృక్షశాస్త్రం లెక్చరర్ ఇంటికి వెళ్లాను. డైరీలో ఇరవై ప్రశ్నలు రాసుకుపోయి రెండే అడిగాను. ఆయన నా మౌనాన్ని మర్యాద అనుకున్నారు. కాఫీ ఇప్పించి, "ఒకే పేరుతో ఇక్కడ నాలుగు మొక్కలుంటాయి తల్లీ. పేరు చెబితే నేనేం చేయలేను. ఆకూ పువ్వూ తెచ్చి చూపించు" అన్నారు. ఎవరిని కలవాలో కూడా ఆయనే చెప్పారు. పుంగనూరు అవతల ఒక ఊళ్లో, ఉబ్బు చేసిన పశువుకు పసరు పోసే ముసలాయన ఉన్నాడట. కూడనిది మేసి పశువు కడుపు గాలితో డప్పులా బిగుసుకుంటే ఉబ్బు అంటారు. ఆలస్యమైతే గంటల్లో ప్రాణం పోతుంది.

నేను పోయేసరికి ఆయన అరుగు మీద కూర్చుని పలుపు పేనుతున్నాడు. మాట్లాడింది ఆయన భార్య.

"ఎవురు పాపా నువ్వు? గవర్మెంటోల్లా?"

"కాదవ్వా. సదువుకుంటాండాను."

"సదువుకునేదానికి ఈయప్ప కాడికొచ్చినావా? ఈయప్పది వేలిముద్ర గదమ్మా."

ఆయన తలెత్తకుండానే, "సంతకం నేర్సుకుంటిలే" అన్నాడు.

"ఆ సంతకం నేర్పించింది గూడా నేనే."

ఆ రోజు ఆయన చెప్పింది ఒక్కటే. "ఈ పసరు మా మేనమామ నాకు సెప్పినాడు. సెప్పినంక ఆయప్ప మల్లా ముట్టలేదు." దాన్ని డైరీలో 'నమ్మకాలు' అన్న శీర్షిక కింద రాసి, గీత గీసి, పేజీ తిప్పేశాను.

మొత్తం నాలుగుసార్లు వెళ్లాను. నేనేమీ అడగకపోవడమే ఆయనకు నచ్చిందని తర్వాత అవ్వ చెప్పింది. అంతకుముందు వచ్చినవాళ్లు ఫోన్ ముఖం ముందు పెట్టి ప్రశ్నలేశారట. ఆయన నోరు విప్పకపోతే వెళ్లిపోయారట. నాలుగోసారి, కార్తీకం వానలు తగ్గాక, "ఆదివారం తెల్లారేతలికి రా" అన్నాడు.

ఆ ముందురోజు నిమ్మనపల్లె దగ్గర మా ఊళ్లో పడుకుని, మొదటి బస్సుకు వెళ్లాను. ఆయన నన్ను ఊరి వెనక గుట్టకు తీసుకుపోయాడు. నేలంతా పచ్చగా ఉంది. ఒక మొక్క దగ్గర నన్నూ కూర్చోమని, ఏ చేత్తో తుంచాలో, దేంతో కలిపి నూరాలో, పశువు తల ఎలా ఎత్తి పట్టుకోవాలో చెప్పాడు. చెప్పేసి చేతులు దులుపుకున్నాడు.

"ఇంగ ఇది నీ సేతిదమ్మా. ఎవురు పిలిసినా పోవాల. పోతావు గదా?"

మా ఇంట్లో పశువులు అమ్మేసి చాలా ఏళ్లయింది, నేనుండేది కుప్పం హాస్టల్లో, నేను రాసుకోవడానికి మాత్రమే వచ్చాను. ఇదంతా చెప్పాలంటే చాలా మాటలు కావాలి. తలూపాను. ఒక రెమ్మ తుంచుకోనా అని అడగడానికి కూడా సిగ్గేసింది. ఫోన్ సంచిలోనే ఉండిపోయింది. మళ్లీ వచ్చినప్పుడు చూసుకోవచ్చులే అనుకున్నాను.

ఆ అధ్యాయం రాసినంత ఇష్టంగా నేనెప్పుడూ ఏదీ రాయలేదు. మేడమ్ చదివి తిరిగిచ్చేసరికి శివరాత్రి దాటింది. అంచున మొదటిసారి 'బాగుంది' అని ఉంది. దాని కింద, 'మొక్క ఏది? నిర్ధారణ కావాలి.'

మళ్లీ వెళ్లాను. ఈసారి అవ్వ నన్ను కూర్చోమనలేదు.

"నాలుగు దినాలైంది. పక్కింటోల్ల సూడి ఆవు పారబోసిన టమోటాలు మేసి ఉబ్బు సేసింది. మా వాకిట్లోకే తోలుకొచ్చిరి. ఈయప్ప సేతులు కట్టుకోని నిలబడినాడు. డాక్టరప్ప ఇంకో ఊర్లో ఉండాడు. ఆయప్ప వచ్చేలోగా పాయె."

"యాల పోయలేదు తాతా?"

"నా కాడ యాడుండాది? నీకిస్తి గదా. పాపను పిలవండంటి. నీ నంబరు ఎవురి కాడా లేదు."

"నేను రాసుకునేదానికి వచ్చినా తాతా. నాకు పోసేదానికి రాదు."

ఆయన నా వైపు చూశాడు. కోపం లేదు. "మరి ఆ పొద్దు తలూపితివే" అన్నాడు.

"ఎనక్కి తీసుకో తాతా."

"ఇచ్చింది తీసుకుంటే అది పని సెయ్యదమ్మా. మా మామ ఆవే సచ్చిపోతాంటే గూడా ఆయప్ప ముట్టలేదు."

గుట్టకు ఒక్కదాన్నే పోయాను. ఆయన రాలేదు. రావడానికి గానీ, ఏ మొక్కో చెప్పడానికి గానీ ఇంక వీల్లేదట. కార్తీకంలో పచ్చగా చూసిన నేల ఎర్రగా పగిలి ఉంది. మేకలు కొరికి వదిలిన మోడుల్లో నా మొక్క ఏదో తెలియలేదు. మూడు రకాల ఎండు పుల్లలు పేపర్లో చుట్టుకుని మదనపల్లె లెక్చరర్ దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన భూతద్దం పెట్టి ఓపిగ్గా చూశారు. "ఆకు లేదు, పువ్వు లేదు తల్లీ. వానలొచ్చాక తీసుకురా" అన్నారు. నేను థీసిస్ ఇవ్వాల్సింది వానలకు ముందే.

మేడమ్ తిట్టలేదు. "చెప్పినవాడు ఒక్కడు, మొక్క ఏదో తెలియదు. ఎలా నిలబెడతావు?" అన్నారు. అధ్యాయం తీసేశాం. అది ఇప్పుడు హాస్టల్లో నా పెట్టె అడుగున, డైరీల కింద ఉంది. చదవడం వచ్చినవాళ్లెవరైనా అందులో రాసినట్టు నూరగలరు. ఏ మొక్కను నూరాలో మాత్రం అందులో లేదు.

ఆ రోజు గుట్ట దిగొచ్చి నేను బయల్దేరేముందు అవ్వ గోడ మీది క్యాలెండర్ దించి, నా నంబరు పెద్ద అంకెలతో రాయించుకుంది. అప్పటి నుంచి ఫోన్లొస్తున్నాయి. మొన్న మధ్యాహ్నం ఒకాయన చేశాడు.

"అమ్మా, ఉబ్బుకు పసరు పోసేది మీరేనంట గదా. ఆవు పండుకోనుండాది. మీరు యాడుండారు?"

"కుప్పంలో."

"కుప్పంలోనా" అన్నాడు. వెనక ఎవరో ఆవును లేపుతూ అదిలిస్తున్నారు.

"డాక్టర్ను పిలవండప్పా."

"పిలిసినామమ్మా. వస్తాండాడంట. ఆలోగా మీరు వచ్చేదానికి కాదా?"

తల అడ్డంగా ఊపాను. అది ఫోన్లో వినపడదని నాకు తట్టేలోగా, ఆయన రెండుసార్లు హలో అని ఫోన్ పెట్టేశాడు.