జేబులో మిగిలిన బల్బు

అది నలుగురు పట్టే చిన్న విమానం. యజమానే నడుపుకుంటాడు. దిగే ముందు చక్రాలు మూడూ కిందికి వచ్చి బిగుసుకుంటే, ఆయన ఎదుట మూడు పచ్చదీపాలు వెలగాలి. ఎడమ చక్రం దీపం ఒక్కోసారి వెలగడం లేదని ఆయన చెప్పాడు. మెకానిక్‌ను నేనే కాబట్టి బల్బు మార్చాను. వెలిగింది. మా సీనియర్ ఇంజనీరుది తిరుత్తణి పక్క పల్లె, తెలుగాయనే. నా మాట నమ్మి లాగ్‌బుక్కులో సంతకం పెట్టాడు. నేను ఉదయం షిఫ్టు ముగించుకుని మణవాళనగర్‌లో ఇంటికి వచ్చేశాను.

చొక్కా ఉతకబోతూ మా ఆవిడ జేబులోంచి పాత బల్బు తీసింది. "దీన్ని పారేసేదా?"

కిటికీ దగ్గర పట్టుకుని చూశాను. లోపలి తీగ తెగలేదు. మీటరు పెట్టాను. బల్బు నిక్షేపంగా ఉంది!

సాయంత్రం అయిదుకు ఆ విమానం బయలుదేరాలి. వడ్డించిన అన్నం వదిలేసి తిరువళ్ళూరు స్టేషనుకు పరుగెత్తాను. సీనియర్ ఫోన్ ఎత్తడు. రైల్లో కూర్చోలేను, నిలబడలేను. ప్రతి స్టేషనులోనూ ఫోన్ చేస్తూనే ఉన్నాను. ఆవడిలో ఎత్తాడు.

"యాడ ఉండావు?"

"రైల్లో అన్నా, వస్తా ఉండా. ఆ ప్లేన్‌ను ఎగరనీయద్దు. పాత బల్బు బాగుండాది. తప్పు ఇంకెక్కడో ఉంది."

"దీపం వెలిగింది కదరా. నా కండ్లతో చూస్తిని."

"అప్పుడు వెలిగిందన్నా. మళ్ళీ వెలుగుతాదని చెప్పలేను."

"సరి, వా," అని తమిళంలో రమ్మని ఫోన్ పెట్టేశాడు. విమానాన్ని ఆపుతాడో లేదో చెప్పలేదు.

నేను విమానాలు నిలిపే హ్యాంగరు చేరేసరికి విమానం జాకీల మీద ఉంది. యజమాని బ్యాగు భుజాన వేసుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. చక్రాలు పైకి లేపి కిందికి దింపాం. మూడు దీపాలూ వెలిగాయి. మళ్ళీ వెలిగాయి. వెలిగే దీపానికి వైద్యమేమిటని ఆయన తమిళంలో కసిరాడు. నేను చక్రాలు మళ్ళీ లేపించాను. ఎనిమిదోసారి ఎడమ దీపం వెలగలేదు.

సీనియర్ రెక్క కిందికి దూరి, చక్రం కాలు మడిచే చోట వైరును వేలితో కదిపాడు. దీపం వెలిగి ఆరింది. పైతొడుగు చెక్కుచెదరలేదు. లోపల రాగిపోగులు తెగి ఉన్నాయి.

"చక్రం దిగింది కదా, ఒక్క దీపానికి ఇంతెందుకు?" అన్నాడు యజమాని.

"ఇది అబద్ధం చెప్తాదని మీకు అలవాటైపోతే, చక్రం నిజంగా దిగనినాడు కూడా నమ్మరు సార్," అన్నాడు సీనియర్.

ఆయన బ్యాగు కింద పెట్టాడు. ఆరోజు ప్రయాణం మానుకున్నాడు.

వైరు మార్చి, ఇరవైసార్లు చక్రాలు దింపి చూశాం. చేతులు కడుక్కుంటూ సీనియర్ మెల్లగా అన్నాడు: "నీ మాట మీద సంతకం పెట్టినాను రా."

తిట్టి ఉంటే బాగుండేది. తిరుగు రైల్లో సీటు దొరికినా కూర్చోలేకపోయాను.