ఎండలో వదిలిన దుంగ

నాకు మా మరిదంటే భయం.

అతను నన్ను ఎప్పుడూ పల్లెత్తు మాట అనలేదు. నేను పెట్టింది తిని, కంచం తనే కడుక్కుని, అరుగు మీద కూర్చుని దగ్గుతుంటాడు. అయినా గుమ్మం దగ్గర అతని అడుగుల చప్పుడు వినబడితే చాలు, వంటపాకలోకి తప్పుకుంటాను. ఈ భయాన్ని చాలా ఏళ్లుగా మోస్తున్నాను. చర్చిలో మోకాళ్ల మీద ఉన్నప్పుడు కూడా దించుకోలేకపోయాను. పాస్టరు గారికి చెప్పుకుందామంటే ఆయన భార్య రోజూ మా ఇంటికి వస్తుంది, ఆ తర్వాత ఆమె ముఖం ఎలా చూడను? మీరెవరో నాకు తెలియదు. మీకైతే చెప్పగలననిపిస్తోంది.

మాది వినుకొండ అవతల ఒక ఊరు. ఊరి చివర మా పేట. మేకతోళ్లు శుభ్రం చేసి డప్పులు కట్టేవాళ్లకు ఇవ్వడం మా ఇంటి పని. తోలును సున్నపు నీళ్లలో నానబెట్టి వెంట్రుక తీశాక, లోపలి వైపు అంటుకుని ఉన్న కండ, కొవ్వు గీకేయాలి. అందుకు దుంగ కావాలి. వేప మానును నిలువునా చీల్చి, పైభాగాన్ని గుండ్రంగా చెక్కి, ఒక కొస నేలకు ఆనేలా, రెండో కొస మనిషి నడుము దాకా వచ్చేలా కాళ్లు బిగించి ఏటవాలుగా నిలబెడతాం. దాని మీద తోలు పరిచి, పై అంచును పొట్టతో అదిమి పట్టి, రెండు పిడుల కత్తిని రెండు చేతులతో కిందికి తోస్తారు. దుంగ నున్నగా ఉండాలి. కాస్త గుంట ఉన్నా తోలు అక్కడ కుంగుతుంది, కత్తి అక్కడ పట్టేస్తుంది.

దుంగలు చేయడంలో మా మామది అందె వేసిన చేయి. కొడుకులిద్దరికీ ఆ ఓపిక లేదని నాకు నేర్పాడు. పని అయ్యాక కొవ్వు పోయేలా కడగడం, నీడలో ఆరబెట్టడం, ఆముదం పట్టించడం, గాజుపెంకుతో గీకి నునుపు తేవడం, కాళ్లు వదులైతే చీలలు దిగ్గొట్టడం అన్నీ నావే. నా పనికి వంక పెట్టినవాళ్లు లేరు. మామ నమ్మిన చేయి అనేవాళ్లు పేటలో. ఆ మాట వింటే నాకు ఎంత గర్వంగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆయన చేసిన ఆఖరి దుంగ పూర్తిగా ఆరకముందే ఆయన పోయాడు. పచ్చి మాను ఎండ చూడకూడదని ఆయన నాతో ఎన్నిసార్లు చెప్పాడో. దాన్ని కడిగి ఆరబెట్టే పని మా ఆయన ఎవరికీ అప్పగించేవాడు కాదు, నాకు తప్ప.

ఆ రోజు మా ఆయన తోళ్ల కోసం సత్తెనపల్లి వెళ్లాడు. నేను దుంగ కడిగి, నీళ్లు ఓడతాయని వాకిట్లో పెట్టాను. ఇంతలో మిరపకాయల తొడిమలు తీసే పనికి ఆడవాళ్లను ఎక్కించుకుని ఆటో వచ్చింది. ఆ పనికి వెళ్లొద్దని మా ఆయన అంతకుముందే చెప్పాడు. ఘాటుకు నాకు ఆయాసం వస్తుంది. అయినా ఎక్కేశాను. నలుగురితో కబుర్లు చెప్పుకుంటూ ఒక పూట గడపాలని ఆశ. అంతకు మించి కారణం లేదు. దుంగ ఎండలోనే ఉందన్న సంగతి దారిలోనే గుర్తొచ్చింది. దిగలేదు.

సాయంత్రం వచ్చి చూస్తే దుంగ నడిమధ్యన పగిలి ఉంది. సన్నటి పగులు. గోరు పెడితే దిగింది.

మామ చిన్న చిన్న పురుగు బొక్కల్ని తేనెమైనంతో పూడ్చేవాడు. పగులుకు మాత్రం ఆ పని చేయకూడదు, పైపొరంతా చెక్కి తీసేయాలి. అదీ ఆయనే చెప్పాడు. నాకు తెలుసు. తెలిసే మైనం కరిగించాను. రంపపు పొట్టు కలిపి పగుల్లో నింపాను, గుడ్డతో రుద్దాను, పైన ఆముదం రాశాను. చేత్తో తడిమితే నాకే తెలియలేదు. చెక్కడం మొదలుపెడితే ఎందుకని అడుగుతారు, ఎండలో ఎందుకు పెట్టావంటారు, ఎటు పోయావంటారు. మా ఆయన ఇంట్లో లేనప్పుడు చెక్కుదాంలే అనుకున్నాను. ఆ అనుకోవడంలో ఎంత నిజముందో దేవుడికే తెలియాలి.

నేను చెక్కకముందే ఒక పొద్దున చిన్నమామ తోలు గీకడానికి ఆ దుంగ ముందు నిలబడ్డాడు. చిన్నమామంటే మా మామ తమ్ముడు. తోలు గీకడమే కాదు, డప్పు కొట్టడంలోనూ ఆ చుట్టుపక్కల ఆయన తర్వాతే ఎవరైనా. నేను వంటపాకలో ఉన్నాను. కత్తి సర్రు సర్రుమని దిగుతున్న చప్పుడు వినబడుతోంది. ఆగమని ఒక్క కేక వేస్తే సరిపోయేది. గరిటె పట్టుకుని వింటూ నిలబడ్డాను. చప్పుడు ఆగిపోయింది. వెంటనే కత్తి బండ మీద పడిన మోత. నేను బయటికి వచ్చేసరికి చిన్నమామ కుడి మణికట్టును ఎడమ చేత్తో పట్టుకుని కూర్చుని ఉన్నాడు. వేళ్ల సందుల్లోంచి నెత్తురు కారుతోంది. ఆయన అరవలేదు. కత్తి పట్టేసి చేయి అంచు మీదికి జారిందని మాత్రం అన్నాడు.

అందరూ ఆయన్ని తీసుకుని ఆసుపత్రికి పరుగెత్తారు. నేను ఇంట్లో ఉండిపోయాను. దుంగ దగ్గరికి వెళ్లి చూస్తే, ఎండకు మెత్తబడిన మైనం ఊడిపోయి పగులు నోరు తెరుచుకుని ఉంది. అప్పుడు నేనేం చేశానో తెలుసా? బాడిశ తీసుకుని పైపొరంతా చెక్కడం మొదలుపెట్టాను. మా ఆయన తిరిగొచ్చేసరికి గాజుపెంకుతో నునుపు చేస్తున్నాను. నెత్తురు పీల్చుకుంది, తీసేస్తున్నానని చెప్పాను. ఎవరూ మరో మాట అడగలేదు. దుంగ చూసుకోవడం నా పనే కదా.

చిన్నమామ చేయి నిలిచింది కానీ నరాలు తెగి వేళ్లు ముడుచుకోవడం మానేశాయి. ఆయన మళ్లీ డప్పు పట్టలేదు.

కత్తి అంచు నొక్కుపడి ఉంది. బండ మీద పడి నొక్కుపడిందని ఎవరికీ తోచలేదు. కత్తులు నూరేది మా మరిది ప్రసాదు. తొందరలో అంచు సరిగ్గా తీయలేదు, గరుకు వదిలేశాడు, అందుకే పట్టేసిందన్నారు. మా ఆయన అందరి ముందూ తమ్ముణ్ణి చెంప మీద కొట్టాడు. నేను గుమ్మంలోనే ఉన్నాను. కొన్నాళ్లకు అతను చీమకుర్తి వెళ్లి గ్రానైటు కోసే చోట పనికి చేరాడు.

ఎందుకు నోరు విప్పలేదని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. మా ఆయన కొడతాడనా? ఆయన నా మీద ఎన్నడూ చేయి ఎత్తలేదు. చిన్నమామ శపిస్తాడనా? మామ నమ్మిన చేయి అన్న ఆ పేరు పోతుందని అనుకుంటాను. అంత చిన్న దాని కోసం ఒక మనిషిని ఇల్లు వదిలి పోనిచ్చాను. ఆ తర్వాత భయం నాతోనే కాపురం చేసింది. దుంగ పైన చెక్కినా కొస వైపు పగులు తోక మిగిలే ఉంది. ఎవరైనా అటు వంగితే నాకు ఊపిరి ఆడేది కాదు. చిన్నమామకు గంజి తీసుకెళితే ఆయన తన చేతిని చూసుకుని, తర్వాత నన్ను చూసేవాడు. ఆయనకు తెలుసేమో? నేటికీ నాకు అంతుపట్టలేదు.

చిన్నమామ పోయినప్పుడు మట్టికి ప్రసాదు వచ్చాడు. సమాధుల దొడ్డి నుంచి తిరిగొచ్చి కుళాయి దగ్గర కాళ్లు కడుక్కుంటూ నన్ను పిలిచాడు.

"వదినా, ఒక్క మాట అడుగుతా. ఆ రోజు కత్తి కడిగి పెట్టింది నువ్వే గదా. అంచున గరుకుందా?"

"ఇప్పుడెందుకయ్యా అయ్యన్నీ?"

"ఉందో లేదో చెప్పు. పొద్దున నూరినాక బొటనవేలితో చూశా. బాగానే ఉందనుకున్నా. నాకంతవరకే గుర్తు. అన్న చెప్పేది వేరు. నువ్వైతే చూసుంటావని అడుగుతున్నా."

అతని కాళ్ల మీంచి నీళ్లు పారుతున్నాయి. లేదని చెప్పాలి, అంతే. లేదంటే మరి ఎలా పట్టేసిందని అడుగుతాడు.

"ఉన్నట్టే ఉంది, ప్రసాదూ."

అతను కుళాయి కట్టేశాడు. "సరేలే వదినా. నువ్వు చెప్పావంటే ఉండే ఉంటది."

మొదట చేసిందాన్ని నేను పొరపాటు అనగలను. దీన్ని ఏమనాలి? అతని మీద అతనికి మిగిలిన కాస్త నమ్మకాన్ని నా నోటితోనే తీసేశాను.

కిందటేడు అతను దగ్గుతో తిరిగొచ్చాడు. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరిందన్నారు. బరువు పనికి పనికిరాడు. ఇప్పుడు ఫైబరు డప్పులు వచ్చి మాకూ పని తగ్గింది. ఉన్న కాసిని తోళ్లకు కత్తులు నూరి పెడతానన్నాడు. మా ఆయన సరేనన్నాడు. అప్పటి నుంచి ప్రతి పొద్దూ నా శిక్ష మొదలైంది. నూరుతాడు, వేలితో చూస్తాడు, మళ్లీ నూరుతాడు, మళ్లీ చూస్తాడు. చివరికి నా దగ్గరికి తెచ్చి, తన వేళ్ల మీద తనకు నమ్మకం లేదని, నన్నొకసారి చూడమని ఇస్తాడు. నేను అంచు మీద వేలు ఆనించి బాగుందంటాను. ఎప్పుడూ బాగానే ఉంటుంది. నేను చెప్పేదాకా అతను నా ముఖంలోకి చూస్తూ నిలబడతాడు. ఆ చూపుకే నా భయమంతా.

ఈ పొద్దున కూడా తెచ్చాడు. మా ఆయన సంతకు వెళ్లాడు. నేను చేయి చాపలేదు. చెప్పేశాను. ఎండలో వదిలి వెళ్లింది, మైనం నింపింది, బాడిశతో చెక్కింది, కుళాయి దగ్గర అన్న అబద్ధం. 

ప్రసాదు కత్తిని గోడకు ఆనించి, చొక్కా వేసుకుని రోడ్డు వైపు వెళ్లిపోయాడు. అన్న కోసం వెళ్లాడో, బస్సెక్కి చీమకుర్తికే పోయాడో తెలియదు. మధ్యాహ్నం దాటింది. అన్నం వండి పెట్టాను. ఎవరూ రాలేదు. వాకిట్లో మోటారు సైకిలు చప్పుడైనప్పుడల్లా లేచి నిలబడుతున్నాను.

క్షమించమని అడగలేదు. అడిగే ముఖం లేదు. చిన్నమామను ఇక అడగనూ లేను. అయినా ఊపిరి లోపలిదాకా వెళుతోంది, చాలా కాలానికి. మా ఆయన వస్తే ఆయనకూ చెబుతాను. అప్పటికి నాకు ధైర్యం చాలకపోతే, కనీసం మీకైనా తెలిసి ఉండాలి: ఆ రోజు ప్రసాదు నూరిన కత్తిలో ఏ లోపమూ లేదు.